తలనొప్పియు, బిళ్లల యలవాటును

ఇంటిలో పిల్లవానికి ఒళ్లు వెచ్చబడినచో పనులన్నియు నిలిచిపోవును. ఇల్లాలికి తలనొప్పి వచ్చినచో మాత్రము పొయ్యి యారదు. ఆమె కొంగు తలకు బిగించి కట్టుకొని, ఒక బిళ్ల మ్రింగి, కూరలు తరుగుటకు కూర్చుండును. ఏనాడో యొక బిళ్ల మ్రింగుట తప్పని మేమనము. కాని నెలలో సగము దినములు మ్రింగుచుండు సోదరీమణులు మా వీథిలోనే పలువురు గలరు. ముఖ్యముగా వారికొరకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తలనొప్పులన్నియు నొక జాతివి కావు. సుశ్రుత సంహితలో శిరోరోగములు 11 విధములుగా చెప్పబడినవి. తలలో సగభాగమును పీడించు అర్ధావభేదకమును, ప్రొద్దుతో పెరిగి ప్రొద్దుతో తగ్గు సూర్యావర్తమును వానిలోనివే. నేటి వైద్యులు తరచుగా చూచునవి రెండు. తలచుట్టును పట్టీ బిగించినట్లుండి, మెడయు భుజములును పట్టివేయునది యొకటి. ఇదియే మిక్కిలి సాధారణము. రెండవది పార్శ్వపు నొప్పి, అనగా మైగ్రేను. ఇది కణత యొద్ద నాడి కొట్టుకొన్నట్లు లేచును, కడుపులో త్రిప్పును, వెలుతురును చప్పుడును సహింపనీయదు. పురుషులకంటె స్త్రీలకిది రెండు మూడు రెట్లు ఎక్కువ; నెలసరి దినములలో తరచుగా తలయెత్తును. కోడలు గదిలో దీపమార్పి పండుకొన్నచో పని యెగవేయుటకు సాకని గొణుగు పెద్దలు ఈ సంగతి తెలిసికొనవలెను.

ఇక బిళ్లల మాట. పారాసెటమాల్ వంటి సాధారణపు బిళ్లలు నెలకు 15 దినములు గాని అంతకు మించి గాని, రెండు మూడు మందులు కలిపిన బిళ్లలు నెలకు 10 దినములు గాని మించి గాని, మూడు నెలలకు పైగా మ్రింగినచో, తలనొప్పి స్వభావము గలవారికి ఆ మందే నొప్పిని పుట్టించును. మందు బలము తగ్గగానే నొప్పి లేచును. నొప్పి లేచినదని మరల బిళ్ల మ్రింగుదుము. తెల్లవారి కన్ను తెరచునప్పటికే తల బరువెక్కియుండుట దీని కొక గుఱుతు. పాపము, ఆమె నొప్పి ముదిరినదనుకొని బిళ్లలు పెంచును! దీనికి విరుగుడు వైద్యుని సలహాతో ఆ బిళ్ల మానుటయే. మానిన తొలిదినములలో నొప్పి హెచ్చును. ఓర్చుకొన్నచో పలువురికి కొలది వారములలో తగ్గుముఖము పట్టును. వారమునకు రెండు దినములకు మించి బిళ్ల ముట్టకుండుట మంచి కట్టుబాటు.

బిళ్ల లేక యేమి చేయవలెనందురా? ముందు కారణమును వెదకవలెను. మన స్త్రీలలో ఏకాదశినాడును, కార్తిక సోమవారములందును మధ్యాహ్నమునకు తల పగులుట మిక్కిలి చూచుచుందుము. ఆకలియు దప్పికయు కొంత కారణము. కాని ఉదయపు కాఫీ మానుట అంతకంటె పెద్ద కారణము కావచ్చును. దినదినమును కాఫీ త్రాగువారు ఒక్కసారిగా మానినచో, కడపటి గ్లాసు త్రాగిన 12 మొదలు 24 గంటలలోపల తలనొప్పి యారంభమగును. ఉపవాసమునాడు కాఫీకి దోషము లేదని కొందఱు త్రాగుదురు. మా యత్తగారు మాత్రము మంచినీళ్లును ముట్టరు. అట్టివారు వారము ముందునుండియే దినమున కొక గ్రుక్క చొప్పున తగ్గించుకొని వచ్చినచో ఆనాటి బాధ తప్పును. పార్శ్వపు నొప్పి గలవారు కటికోపవాసము మాని, పండ్లును పాలును పుచ్చుకొని వ్రతము జరుపుకొనుట మేలు.

కారణము లొక్కొక్కప్పుడు కంటి కెదురుగానే యుండును. బిగించి యల్లిన జడయు, దానిపై బరువైన పూలచెండును తలనొప్పి తెచ్చును. జడ విప్పిన కొంతసేపటికే సర్దుకొనును. పరీక్షా పత్రములు దిద్దునపుడెల్ల మా యింటివారు నుదురు పట్టుకొనెడివారు. కండ్లద్దములు మార్చిన పిమ్మట ఆ బాధ లేదు.

శొంఠి నరగదీసి నుదుట పట్టు వేయుట మన యమ్మమ్మల నాటి వైద్యము. చర్మమునకు తగులు ఆ వేడిమి మనస్సును నొప్పినుండి మరల్చును. చుఱ్ఱుమన్న వెంటనే కడిగివేయవలెను, కంటికి తగులరాదు. అమృతాంజనమును గూర్చి వేరుగ చెప్పనేల? 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో దానిని ఆరంభించిరి. ఆ లేపనపు రాబడియే 1908లో పుట్టిన ఆంధ్రపత్రికకు అండ యయ్యెను. ఇట్టి లేపనములు కణతలకు చల్లగా హాయి గొల్పును. కాని వీనిలోని కర్పూరము కడుపులోనికి పోయినచో పసివారికి విషము. సీసా వారి కందనీయరాదు, చంటివారి ముక్కునకు రాయరాదు.

పార్శ్వపు నొప్పికి చీకటి గది, తడిగుడ్డ, నిద్ర, ఈ మూడును మేలు చేయును. బిళ్ల వేసికొనక తప్పనినాడు నొప్పి మొదలైనప్పుడే వేసికొనవలెను. పనులన్నియు ముగించి, వాంతులు పట్టిన పిదప మ్రింగిన బిళ్ల అంతగా పనిచేయదు.

ఇంటివైద్యము పనికిరాని తలనొప్పులును గలవు. పిడుగు పడినట్లు ఒక్కసారిగా వచ్చినది, జ్వరముతో మెడ బిగిసినది, మాట తడబడి కాలుసేతులు స్వాధీనము తప్పినది, తలకు దెబ్బ తగిలిన పిమ్మట వచ్చినది, ఏబది యేండ్లు దాటిన పిదప క్రొత్తగా మొదలైనది — వీనికి శొంఠి నూరుచు కూర్చుండరాదు. 20 వారములు దాటిన గర్భిణికి గాని, బాలింతకు గాని విడువని తలనొప్పితో చూపు మసకబారినను, ముఖము వాచినను, అది రక్తపు పోటు గుఱుతు కావచ్చును. తెల్లవారనిండని చెప్పక ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

తక్కినవారు పాలలెక్క వ్రాసికొను గోడకాలెండరు మీదనే నొప్పి వచ్చిన దినమున ఒక సున్న చుట్టి, బిళ్ల మ్రింగినచో దాని ప్రక్కనొక గీత గీయవలెను. నెలసరి దినమును, ఉపవాసమును, నిద్ర లేని రాత్రియు అందే గుర్తింపవలెను. మూడు నెలలైన పిదప ఆ కాగితములను వైద్యునికి చూపిన చాలును. నొప్పి యెట్టిదని ఆయన యడిగినపుడు మాటలకు తడుముకొన నక్కఱలేదు.