ధ్రువపు సుడి – సహజవాయువు వాయిదాలు

శీతకాలం వచ్చిందంటే సహజవాయువు వ్యాపారులకు 'పోలార్ వోర్టెక్స్' అన్న మాట వినపడక మానదు. ఎం.సి.ఎక్స్.లో ఈ సరుకు వాయిదాలు పరిష్కారమయ్యేది న్యూయార్క్ ధరను బట్టి కనుక, ధ్రువ ప్రాంతపు గాలి సంగతి మన వ్యాపారులకూ అవసరమే.

శరత్తు దాటాక ఉత్తర ధ్రువానికి ఎండ అందదు. 15 నుంచి 50 కిలోమీటర్ల ఎత్తున అక్కడి గాలి మిక్కిలి చల్లబడుతుంది. దక్షిణాన గాలి అంతగా చల్లబడదు. ఈ తేడా వల్ల, భూభ్రమణం వల్ల పడమటి గాలులు ధ్రువం చుట్టూ గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో తిరుగుతాయి. ఇదే ధ్రువపు సుడి. సుడి బలంగా ఉన్నంతకాలం చలి చాలావరకు ఉత్తరాననే ఆగిపోతుంది.

పర్వతాల వల్ల, నేలకూ సముద్రానికీ గల వేడి తేడా వల్ల పుట్టే పెద్ద గాలి తరంగాలు పైకి ఎగసి సుడిని తాకితే అది సడలుతుంది, ఒక్కోసారి చీలుతుంది. పైగాలి కొద్ది రోజులలోనే వేడెక్కుతుంది. దాని ప్రభావం నేలకు దిగడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. అసలు దిగకనూ పోవచ్చు.

2021 జనవరి 5న సుడి గాలులు ఎదురు తిరిగాయి. ఫిబ్రవరి మధ్యలో టెక్సాస్‌ను చలి ముంచెత్తింది. ఇందులో సుడి పాత్ర ఎంత అన్న విషయమై శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు. ఫిబ్రవరి 16న డల్లాస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. బావుల వద్ద నీరు గడ్డకట్టి వాయువు ఉత్పత్తి తగ్గింది. అదే సమయంలో ఇళ్ళు వెచ్చబెట్టుకొనేందుకు గిరాకి పెరిగింది. 17న హెన్రీ హబ్‌లో రెడీ ధర పది లక్షల బి.టి.యు.కు 23.86 డాలర్లు పలికింది.

ఆ రోజున న్యూయార్క్ మార్చి వాయిదా మాత్రం 3.20 డాలర్ల ప్రాంతంలోనే నిలిచింది. కారణం స్పష్టమే. కొరత ఆ వారానిది, వాయిదా మార్చి సరుకుది. నెలాఖరుకు రెడీ ధర సైతం 3 డాలర్ల దిగువకు వచ్చింది. రెడీ ధర చూసి వాయిదా కొన్నవారికి మిగిలింది స్వల్పం.

2018 ఫిబ్రవరిలో సుడి చీలినపుడు చలి ఐరోపా వైపు మళ్ళింది. హెన్రీ హబ్ ధర ఆ నెలాఖరున 3 డాలర్ల లోపే ఉంది.

కనుక సుడి చెదిరిందన్న కబురు ఒక్కటే కొనుగోలుకు ఆధారం కాదు. చలి ఏ ఖండంపైకి దిగుతున్నది, అమెరికా వారంవారం ప్రకటించే నిల్వలు ఎంత తరుగుతున్నాయి, చేతనున్నది ఏ నెల వాయిదా అన్న మూడూ చూసుకొన్న తరువాతనే అడుగు వేయడం మేలు.