కిట్లు సరే, కష్టం వినేదెవరు?

ఊరికి దూరంగా ఉన్న మనకు, మన ఊరి హైస్కూలుకు ఏదైనా చేద్దామనుకోగానే తట్టేవి బూట్లు, బంతులు, వాలీబాల్ నెట్లు. అవీ కావలసినవే. కానీ తిరుపతిలోనో చిత్తూరులోనో జిల్లా జట్టుకు ఆడిన పిల్లలు పదిలోనో ఇంటర్లోనో ఆట మానేస్తే, బూట్లు లేకపోవడమే కారణం కానక్కర్లేదు. ఒక్క రోజు లెక్క వేసి చూడండి. తిరుపతి తారకరామ స్టేడియంలో ఐదున్నరకు ప్రాక్టీసంటే ఐదింటికే లేవాలి. బడి, స్టడీ అవర్, ట్యూషన్, హోంవర్కు అయ్యేసరికి రాత్రి పదకొండు. నిద్ర 6 గంటలు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్య నిపుణులు 2016లోనే చెప్పారు. సెలక్షన్లని పీఈటీ సారు ప్రాక్టీసు పెంచుతారు, పరీక్షలని లెక్కల సారు స్లిప్ టెస్టులు పెంచుతారు. ఒకరి టైంటేబుల్ ఇంకొకరికి తెలియదు.

ఇలా డస్సిపోయిన పిల్లల్ని బద్ధకస్తులనడం తేలిక. క్రీడాకారుల బర్నవుట్‌ను పరిశోధించిన థామస్ రేడెకే మూడు గుర్తులు చెప్పాడు. ఒళ్లూ మనసూ అలిసిపోవడం, ఎంత ఆడినా ఏమీ సాధించలేదనిపించడం, ప్రాణమనుకున్న ఆటే చేదవడం. మూడోదాన్ని పిల్లలు కోచ్‌కు చెప్పుకోలేరు, జట్టుకు ఎంపిక చేసేది ఆయనే కాబట్టి. ఇంట్లోనూ చెప్పలేరు, స్పోర్ట్స్ కోటా సీటు మీద అమ్మానాన్నలకు ఆశ ఉంటుంది కాబట్టి. అందుకే ఎంపికతోనూ మార్కులతోనూ పనిలేని పెద్దదిక్కు ఒకరుండాలి. నిద్రపోయిన గంటలు, లేవగానే నాడి వేగం, నొప్పి ఉన్న చోటు రోజూ ఒక నోటుబుక్కులో రాయించాలి. నాడి కొన్నాళ్లుగా మామూలుకంటే వేగంగా కొట్టుకుంటున్నా, మోకాలి నొప్పి తగ్గకపోయినా ఇద్దరు సార్లతోనూ మాట్లాడి పిల్లల మీది భారం తగ్గించాలి, అవసరమైతే డాక్టరుకు చూపించాలి.

గారం చేస్తే ఛాంపియన్లు ఎలా తయారవుతారని అడిగేవాళ్లున్నారు. రియోకు ముందు బ్యాడ్మింటన్ కోచ్ గోపీచంద్ పీవీ సింధు ఫోను తీసేసుకోలేదా అంటారు. తీసుకున్నారు. అప్పటికి ఆమె ఇరవై ఏళ్లు దాటిన వృత్తి క్రీడాకారిణి, ముందున్నది ఒలింపిక్స్. పదో తరగతి పిల్లకు అదే కొలత పెట్టలేం. సెలవిస్తే వెనకబడతారన్నది ఇంకో భయం. ఒక ఏడాది అండర్-17 సెలక్షన్ పోతే పోవచ్చు కూడా. అయినా వారానికి కనీసం ఒక రోజు, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆడే ఆటకు విరామం ఇవ్వమనే అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. తొందరపడి ఒక్క ఆటకే కట్టేయనక్కర్లేదనడానికి సాక్ష్యం పక్క జిల్లాలోనే ఉంది. కడప జిల్లా శ్రీచరణి బళ్లో వేరే ఆటలు ఆడి, పదహారేళ్ల ప్రాయంలో క్రికెట్‌ను గట్టిగా పట్టుకుంది. 2025 నవంబరులో ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టులో ఆమె ఉంది.

ఆ పెద్దదిక్కు పని మనమే వీడియో కాల్‌లో చేయవచ్చు కదా అంటే, కుంటుతూ వచ్చే పిల్ల నడక ఫోనులో కనబడదు. రిటైరైన పీఈటీలు, యూనివర్సిటీ జట్లకు ఆడి ఊళ్లోనే స్థిరపడినవాళ్లు, ఆడపిల్లల కోసం తప్పనిసరిగా మహిళలు ఈ పనికి కావాలి. కిట్ల డబ్బులో కొంత వాళ్ల శిక్షణకు, గౌరవ వేతనానికి కేటాయిద్దాం. ఎన్ని కప్పులొచ్చాయని కాకుండా, ఎనిమిదిలో మొదలుపెట్టిన వాళ్లలో ఇంటర్ దాటాక ఎంతమంది ఇంకా ఆడుతున్నారని ఏటా లెక్క అడుగుదాం.