ఎవరున్నారు, ఎవరొచ్చి వెళ్లారు

మా అపార్ట్‌మెంట్ పైన ట్యాంకులో నీటిమట్టం చూసే చిన్న డబ్బా ఒకటుంది. వైఫై మీద పనిచేస్తూ, ట్యాంకు నిండగానే ఫోన్లకి కబురు పంపడం దాని పని. 2024 జూలై చివర్లో ఒక రాత్రి ట్యాంకు పొంగి మెట్ల మీద నీళ్లు పారాయి. కబురు రాలేదు. "ఆ డబ్బా చాన్నాళ్లుగా పలకట్లేదు సార్" అన్నాడు వాచ్‌మన్. ఎన్నాళ్లుగా అన్నది తేలితే ఎందుకన్నదీ తేలుతుందనిపించింది.

భవనమంతటికీ వైఫై నడిపే నెట్‌వర్క్ కంట్రోలర్ ఉంది కదా అని తెరిచాను. ఎదురుగా వచ్చిన పేజీలో ఆ నిమిషాన కనెక్టయి ఉన్న ఫోన్లు, టీవీలు వరసగా ఉన్నాయి. డబ్బా లేదు. ఉండదు కూడా, ఇప్పుడు ఎవరున్నారన్న ప్రశ్నకి జవాబు కాదు నాకు కావలసింది.

పెళ్లిపందిట్లో ఇప్పుడు ఎవరున్నారో తెలియడానికి చుట్టూ చూస్తే చాలు. పొద్దున్నించీ ఎవరొచ్చి వెళ్లారో తెలియాలంటే చదివింపుల పుస్తకం తియ్యాలి. కంట్రోలర్ దగ్గర ఈ రెండూ ఉంటాయి. గోడలకి బిగించిన యాక్సెస్ పాయింట్లు తమకి అతుక్కున్న పరికరాల పట్టిక ఎప్పటికప్పుడు పంపుతుంటాయి. కంట్రోలర్ దాన్ని చూపించి ఊరుకోదు, డేటాబేస్‌లో రాసుకుంటుంది. మాది యూనిఫై కంట్రోలర్, దాని పుస్తకం మోంగోడీబీ అనే డేటాబేస్.

ఆ పుస్తకాన్ని ప్రోగ్రాముల చేత చదివించే దారి ఏపీఐ. ఫలానా చిరునామాకి ఫలానా తీరున అడిగితే ఫలానా తీరున జవాబిస్తానన్న ఒప్పందం అది. అడగడానికి నేను వాడింది కర్ల్, స్వీడన్ ప్రోగ్రామర్ డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఆ పేరుతో విడుదల చేసిన ఉచిత సాధనం. ముందు పేరు, పాస్‌వర్డ్ పంపి లాగిన్ అవాలి. కంట్రోలర్ ఒక కుకీ ఇస్తుంది, తర్వాతి ప్రశ్నలకి అదే గుర్తింపు చీటీ. ఆపైన 'స్టాట్/స్టా' అని అడిగితే ఇప్పుడున్నవాళ్లు వస్తారు. 'స్టాట్/ఆల్‌యూజర్' అని అడిగితే వచ్చి వెళ్లినవాళ్లూ వస్తారు. ఎంత వెనక్కి చూడాలో 'వితిన్' అనే విలువ గంటల్లో చెబుతుంది. 8,760 అంటే సరిగ్గా 365 రోజులు. ఈ చిరునామాలు చాలాకాలం కంపెనీ పత్రాల్లో లేవు. కంట్రోలర్ పేజీ లోలోపల పంపే అభ్యర్థనలని గమనించి, వాడేవాళ్లే ఓపిగ్గా పోగుచేశారు. ఆ ఓపిక అంటే నాకెంతో గౌరవం. సిస్కో మెరాకీలోనూ ఇలాంటి ప్రశ్న ఉంది, కాకపోతే అక్కడ 31 రోజులకి మించి వెనక్కి అడగనివ్వదు. గడువేమీ చెప్పకపోతే ఒక్క రోజుకే జవాబిస్తుంది. ఆ సంగతి తెలియక, పరికరం అసలు రానే లేదనుకునే ప్రమాదముంది.

జవాబొచ్చింది. ఒక్కో పరికరానికీ మాక్ అడ్రస్, పేరు, ఫస్ట్ సీన్ (మొదట కనబడిన వేళ), లాస్ట్ సీన్ (ఆఖరున కనబడిన వేళ). మాక్ అడ్రస్ 48 బిట్ల సంఖ్య. మన పేర్లలాగే అందులోనూ ఇంటిపేరే ముందు: మొదటి 24 బిట్లు ఐఈఈఈ సంస్థ తయారీదారుకి కేటాయించినవి, మిగతావి ఆ పరికరానికి తయారీదారు పెట్టుకున్నవి.

అయితే ఇంటిపేరు దాచుకుని వచ్చే అతిథులు ఈ మధ్య ఎక్కువయ్యారు. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మాక్ చూపుతున్నాయి. మాక్‌లో రెండో అంకె లేదా అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఏదైనా అయితే అది తయారీదారు ఇచ్చిన అడ్రస్ కాదు. పుస్తకంలో ఉన్నది పరికరాల లెక్క అనుకుంటాం గానీ నిజానికి అది అడ్రస్‌ల లెక్క. ఒకే ఫోన్ రెండు పేర్లతో అందులో ఉండొచ్చు.

ఇలా దాచుకోవడం సబబే. మా పట్టిక చదువుతుంటే ఏ ఫ్లాట్ ఫోన్ ఏ వేళకి ఇల్లు చేరిందో నా కళ్లముందే కనబడింది, చూడకూడనిది చూసినట్టయింది. డబ్బా వరస ఒక్కటి ఉంచుకుని తక్కినదంతా చెరిపేశాను. ఇలాంటి పనికి చదివే హక్కు మాత్రమే ఉన్న ఖాతా వాడాలి, అదీ నివాసుల సంఘానికి చెప్పి.

డబ్బా దాచుకునే రకం కాదు. లోపలున్నది ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ ఈఎస్‌పీ8266 చిప్. ఇంటిపేరు అదే, పరికరం పేరు కూడా ఈఎస్‌పీ అనే మొదలైంది. లాస్ట్ సీన్ దగ్గర 1718000472 అని ఉంది. అది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క. మార్చి చూస్తే 2024 జూన్ 10, ఉదయం 6 గంటల 21 నిమిషాలు. ఆ వేళప్పుడు కరెంటు పోలేదు, ఎవరూ మేడెక్కలేదు. కాసేపు ఏమీ పాలుపోలేదు. ఆ గంట గ్రీనిచ్‌ది అని ఆలస్యంగా తట్టింది. అయిదున్నర గంటలు కలిపితే 11 గంటల 51 నిమిషాలు. అదీ కంట్రోలర్ దాని ఉనికిని ఆఖరిసారి నమోదు చేసుకున్న వేళ. వైఫై పరికరాలు చాలాసార్లు చెప్పకుండానే వెళ్లిపోతాయి, యాక్సెస్ పాయింటు కొంతసేపు ఎదురుచూసి గానీ పేరు తీసేయదు. హోస్ట్‌ఏపీడీ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఎదురుచూపు మామూలుగా 300 సెకన్లు. కనుక నిమిషం పట్టుకుని వేలాడకూడదు, పూట దొరికితే చాలు.

జూన్ 10 మధ్యాహ్నం పూట ఏం జరిగిందని సంఘం రిజిస్టరు తీశాం. నెట్ నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదు మీద టెక్నీషియన్ వచ్చి, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి వెళ్లాడు. ఈఎస్‌పీ8266కి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప వినబడదు. డబ్బా నిక్షేపంలా ఉంది, పాపం యాభై రోజులుగా లేని వైఫైని వెతుక్కుంటోంది. పాత పేరుతోనే 2.4 మళ్లీ తెరిచి, రెండు నిమిషాలాగి ఈసారి 'స్టా' అని అడిగాను. పట్టికలో కొత్తగా చేరిన వరస ఈఎస్‌పీ అని మొదలైంది.