టవరు కింద కాదు, ఎదుటి మేడమీద కొలవాలి

హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలకు చదువులకూ కొలువులకూ వెళ్లిన పల్లె బిడ్డలు అద్దె తక్కువని మేడమీది గదుల్లో చేరుతున్నారు. కిటికీ తెరిస్తే ఎదుటి డాబాపై సెల్ టవరు. ఆ సంగతి తెలిశాక ఊళ్లో కన్నవారికి కంటిమీద కునుకుండదు. కొబ్బరి కాపు తగ్గినా, పిచ్చుకలు కానరాకపోయినా నింద టవరు మీదే పడుతున్న రోజులివి. అయితే టవరు నుంచి వెలువడే రేడియో తరంగాలు కంటికి ఆనవు. మీటరు పెట్టి కొలిస్తే తప్ప ఎంత ఉన్నదీ తెలియదు.

ఎక్కడ కొలవాలన్నదే అసలు సంగతి. టవరు ఉన్న ఇంటివారే ఎక్కువ భయపడుతుంటారు. నిజానికి దీపం కిందే చీకటి అన్నట్టు టవరు అడుగున తాకిడి తక్కువ. యాంటెన్నాలు తరంగాలను ఎదురుగా, కొద్దిగా కిందికి వంచి పంపుతాయి. అందువల్ల అదే ఎత్తున ఎదురుగా ఉన్న డాబాలు, కిటికీల వద్దే మీటరు ఎక్కువ అంకె చూపే వీలుంది. దూరం రెట్టింపయితే తాకిడి సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. ఫోన్ల వాడకాన్ని బట్టి అంకె మారుతుంటుంది గనుక ఆరు నిమిషాల సగటు తీస్తారు. ఒకే టవరుపై రెండు మూడు కంపెనీలుంటే అన్నింటినీ కలిపి లెక్కగట్టాలి.

మన దేశం 2008లో అంతర్జాతీయ పరిమితిని స్వీకరించింది. 2012 సెప్టెంబరు 1 నుంచి దాన్ని పదో వంతుకు కుదించింది. ఆ లెక్కన 900 మెగాహెర్ట్జ్ తరంగాలకు చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1800 మెగాహెర్ట్జ్‌కు 0.9 వాట్లు. పరిమితికి లోబడి ఉన్నామని కంపెనీలే ధ్రువపత్రం ఇచ్చుకుంటాయి. దొంగ చేతికే తాళం ఇచ్చినట్టుందని గిట్టనివారు అంటారు గాని, టెలికాం శాఖ అధికారులు కొన్ని టవర్లను ఎంచి తనిఖీ చేసే ఏర్పాటూ ఉంది.

జబ్బు సంగతి మీటరు చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011 మేలో ఈ తరంగాలను 'క్యాన్సర్‌కు కారణం కావచ్చు' అనే 2బి జాబితాలో చేర్చింది. రుజువైందని కాదు, కొట్టిపారేయలేమని. చెవికి ఆనించిన ఫోను నుంచి ఒంటికి తగిలేది సాధారణంగా టవరు కన్నా ఎక్కువే. సిగ్నలు అందని చోట ఫోను మరింత గట్టిగా పంపుతుంది కూడా.

కొలిపించుకోదలచినవారి కోసం టెలికాం శాఖ 2017 మేలో 'తరంగ్ సంచార్' పోర్టల్ ప్రారంభించింది. రుసుము 4,000 రూపాయలుగా పెట్టారు. అద్దె గదిలో ఉండే కుర్రాడికి అది పెద్ద మొత్తమే. ఆ మేడలో ఉంటున్న నలుగురూ కలిసి వేసుకుంటే తలా వెయ్యి. కొలవ వచ్చినవారికి టవరు ఎదుటి కిటికీ చూపించాలి.