మంచు చూడ్డానికి ఎళ్తన్నారా? ఆ ఇల్లు ఎవరిదో అడగండి

డిసెంబరు వచ్చిందంటే నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి కుర్రకారు ఫోన్లలో ఒకటే గోల. లంబసింగి ఎల్దామా, వంజంగి ఎల్దామా, అరకు ఎల్దామా అని. మనం మామిడి పూత కోసం కళ్లు కాయలు కాసేలా చూసే రోజుల్లోనే మన్యంలో మంచు పడద్ది. ఎళ్లండి, తప్పకుండా ఎళ్లండి. కుర్రతనంలో కొండలు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తారు? కాకపోతే ఏ ఊళ్లో దిగాలి, ఎవరి చూరు కింద పడుకోవాలి అనేది రీల్ చూసి తేల్చేసే ముచ్చట కాదు. ఎందుకో చెప్తా.

ముందు మంచు సంగతి. మన తెలుగులో గడ్డి మీద పడే తేమా మంచే, దారి కనపడకుండా కమ్మేసేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. ఈ ఒక్క మాట మీదే సగం యాపారం నడుస్తంది. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలం రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల వేడి పైకి పోద్ది, బరువైన చల్లగాలి కొండల మధ్య పల్లంలోకి దిగి కూర్చుంటది. అందుకే తెల్లారేసరికి పొగమంచు కమ్మేస్తది, బాగా చలేసిన రోజుల్లో గడ్డి మీద తేమ గడ్డకడతది. అంతేగానీ అక్కడ స్కీయింగ్ చేసే మంచు కురవదు. "ఆంధ్రా కశ్మీర్" అనేది మనోళ్లు తగిలించిన పేరు. ఊరోళ్ల నోట ఉన్న పాత పేరు కొర్రబయలు. రాత్రి బయట పడుకుంటే మనిషి కొర్రలా బిగుసుకుపోతాడని చెప్తారు.

అసలు మంచు ఊళ్ల కథ చూడాలంటే ఫ్రాన్స్ దేశం పోవాలి. అక్కడ ఆల్ప్స్ కొండల్లో స్కీయింగ్‌కి ఎళ్లేవాళ్ల ముందు రెండు దార్లు ఉంటాయి. ఒకటి, కొండ మీద కొత్తగా కట్టిన రిసార్టు. రెండోది, రాతి ఇళ్లు, చర్చి, పశువుల కొట్టాలు ఉన్న పాత పల్లె.

ఈ కొత్త రిసార్టులు ఊరికే మొలవలేదు. 1964లో ఫ్రాన్స్ ప్రభుత్వం మొదలెట్టిన మంచు పథకం కింద, పశువులు మేసే ఎత్తైన కొండల మీద పెద్ద పెద్ద అపార్టుమెంట్లు లేపారు. ఒకే కంపెనీ చేతిలో భూమి, ఇళ్లు, తీగల బళ్లు అన్నీ పెట్టే పద్ధతి అప్పుడే పెరిగింది. ఆటి సుఖం ఆటికుంది. గుమ్మం దిగితే మంచు, ఎత్తులో ఉంటాయి కాబట్టి సీజనంతా మంచు కరగదు. ఊళ్లు ఖాళీ అవుతున్న కాలంలో కుర్రోళ్లకి పనులూ దొరికాయి. కానీ పెత్తనం చాలా చోట్ల కొండ దిగి పట్నం పోయింది.

తీన్ అనే ఊరుంది. 1952లో కరెంటు డ్యాం కోసం ఆ పాత ఊరిని నీళ్లలో ముంచేశారు. జనం కదలమంటే పోలీసుల్ని దించారు. ఆ తర్వాత అదే పేరుతో పైన కొత్త స్కీ రిసార్టు లేచింది. ఇవాళ ప్రపంచమంతా ఎళ్లేది ఆ కొత్త తీన్‌కే. పోలవరం ముంపు ఊళ్లని చూసిన మనకి ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ కొండల్లోనే ఇంకో ఊరుంది, పేరు బోన్‌వాల్ స్యుర్ ఆర్క్. 1956లో మేయరైన జిల్‌బేర్ ఆంద్రే, ఊరోళ్లు కలిసి పెద్ద రిసార్టు దారి పట్టలేదు. రాతి ఇళ్లు, రాతిపలకల కప్పులు అట్టాగే ఉంచారు. కొత్త కట్టడాలు పాత ఊరి పక్కన కట్టుకున్నారు. స్కీయింగ్ ఏర్పాట్లు ఊరికి తగ్గట్టు చిన్నగా పెట్టుకున్నారు. ఇవాళ ఫ్రాన్స్‌లో అందమైన పల్లెల జాబితాలో ఆ ఊరుంది. అక్కడ ఇంకా జనం కాపురం ఉంటన్నారు. నిలబడింది ఎందుకంటే, ఏం కట్టాలో ఊరే తేల్చుకుంది.

ఇప్పుడు మన మన్యానికి వద్దాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసీలు కానివాళ్లు భూమి కొనకూడదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకి 1970లో చేసిన సవరణ ఇది, అందరూ 1/70 అంటారు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు కూడా ఆదివాసీల భూమి హక్కునే గట్టిపరిచింది. ఐనా బినామీ పేర్లతో, కాగితం లేని లీజులతో బయటోళ్లు దిగతన్నారని ఆదివాసీ సంఘాలు ఎప్పట్నించో మొత్తుకుంటన్నాయి. 2025 జనవరిలో విశాఖ టూరిజం సదస్సులో అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు, టూరిజం పెరగాలంటే ఈ చట్టాన్ని సవరించే సంగతి చూడాలన్నట్టు మాట్లాడారు. ఫిబ్రవరిలో మన్యం బంద్ ఐంది. చట్టం తీసేసే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చెప్పాల్సొచ్చింది. అంటే మన రెండు రోజుల టూరు పేరు మీదే ఆళ్ల భూమి గురించి బేరం లేస్తంది. మనకి ఆ సంగతి తెలియాలా, వద్దా?

ఇంకోటి. నర్సీపట్నం నుంచి చింతపల్లి దారిలో ఘాట్ ఎక్కుతా సెల్ఫీలు దిగుతాం కదా. బ్రిటిషోళ్ల కాలంలో ఆ వైపు రోడ్డు పనులకి ఆదివాసీల్ని తోలి, సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు బాస్టియన్ అనే డిప్యూటీ తాసిల్దారు. గాం గంటం దొర లాంటివాళ్లు అల్లూరి ఎంట నడవడానికి ఆ కడుపుమంట ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. ఆ దారికి అంత కథ ఉంది.

ఈ లెక్క మన నూజివీడోళ్లకి కొత్తేం కాదు. పూత మీదే తోట గుత్తకిచ్చేస్తాం. ఆ తర్వాత కోతలోడు, బండోడు, కమీషనోడు. మన చిన్న రసం హైదరాబాద్‌లో ఎంతకి పోయిందో తోటగలాయనకి తెలిసేసరికి సీజనే ఐపోద్ది. చెట్టు మనది, లాభం ఇంకోళ్లది. మన్యంలో బయటోడి టెంటు క్యాంపులో దిగితే జరిగేదీ అదే. కొండ ఆళ్లది, మంచు ఆళ్లది. ఆళ్లకి మిగిలేది గిన్నెలు తోమిన కూలి. అదే ఒక బగత ఇంట్లోనో, కొండదొర ఇంట్లోనో దిగితే గది అద్దె, కూడు, కాఫీ, దారి చూపిన డబ్బులు ఆ ఊళ్లోనే తిరుగుతాయి.

ఆ ఇంట్లో గీజరు ఉండకపోవచ్చు. ఫోను సిగ్నలు అందకపోవచ్చు. అవి కావాలనుకుంటే అది మీ ఇష్టం, నేను తప్పు పట్టను. కానీ డబ్బులు కట్టేముందు ఫోన్ చేసి నాలుగు మాటలు అడగండి. ఈ స్థలం ఎవరి పేరున ఉంది? నడిపేది ఆ ఊరోళ్లేనా? వంట ఎవరు చేస్తారు? చెత్త ఎక్కడ పోస్తారు? సూటిగా జవాబు రాకపోతే ఇంకో నంబరు చూసుకోండి.

ఎళ్లాక కూడా మర్యాద మరవొద్దు. అడక్కుండా ఆడోళ్ల ఫొటోలు తీయొద్దు. థింసా అనేది ఆళ్ల పండగ ఆట, మన క్యాంపుఫైరు కోసం పెట్టింది కాదు. సీసాలు, ప్లాస్టిక్ మీ సంచిలోనే ఎనక్కి తెచ్చుకోండి. ఇంటోళ్లని అక్కా, అన్నా అని పిలిచి, ఆళ్ల పొయ్యి కాడ కాసేపు కూర్చోండి. ఆళ్ల కాఫీ గింజకి ఎంత వస్తందో అడగండి, మన మామిడికి ఎంత వస్తందో చెప్పండి. రెండు ఊళ్ల రైతులూ మాట్లాడుకుంటే దళారికి కాస్తైనా భయం పుడద్ది.