అడవి దారి బండి కొనేముందు మీ నడుముని అడగండి

స్కూటరు మీద ఆఫీసుకి వెళ్ళొచ్చే మధ్యవయసు వారికి కూడా ఈమధ్య అడవి దారుల మీద మోజు పుట్టింది. ఆదివారం తెల్లవారకముందే హనుమకొండలో బయలుదేరి, ములుగు రోడ్డు పట్టి రామప్ప, లక్నవరం, తాడ్వాయి దాకా మోటారు సైకిళ్ళ మీద వెళ్ళొస్తున్నారు. వారమంతా కుర్చీకి అతుక్కుపోయే మనిషికి ఆరుబయటి గాలి మంచిదే. ఈ సరదాని కాదనడం నా ఉద్దేశం కాదు. అయితే సోమవారం ఉదయం ఓ.పి.కి నడుం పట్టుకుని వచ్చేవారినీ, మణికట్టు వాచి వచ్చేవారినీ చూస్తూంటాను. వారిలో చాలామంది బండి కొనేముందు ధర చూశారు, మైలేజి చూశారు, రంగు చూశారు. తమ ఒంటికి ఆ బండి సరిపోతుందా అన్నది మాత్రం చూడలేదు.

ఏమిటీ బండి?

తారు రోడ్డు మీదా, గుంతల మట్టి దారి మీదా కూడా నడిచేలా తయారుచేసిన మోటారు సైకిలుని డ్యూయల్ స్పోర్ట్ అంటారు. దీని ముందు చక్రం పెద్దది. ఇంజను నేలకు బాగా ఎత్తులో ఉంటుంది. మన దేశంలో 2011లో హీరో ఇంపల్స్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 ఈ తరహాలో వచ్చాయి. ఎక్స్‌పల్స్ బరువు సుమారు 155 కిలోలు. ఇవే దారుల్లో తిరిగే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ సుమారు 200 కిలోలు. ఈ తేడా షోరూములో తెలియదు. చెరువుకట్ట దిగుతూ బండి ఒక పక్కకి ఒరిగినప్పుడు తెలుస్తుంది.

షోరూము చుట్టూ రెండు చుట్లు తిప్పితే అది పరీక్ష కాదు. ఒక మిత్రుడి దగ్గర ఇలాంటి తేలిక బండి తీసుకుని, ములుగు దాటాక ఒక మట్టి దారిలో గంటసేపు నడిపి చూశాను. నా వయసు యాభై దాటింది, ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. ఆ అనుభవంతో, వైద్యుడిగా చెప్పదగ్గ పరీక్షలు మూడు ఉన్నాయి.

మొదటి పరీక్ష: కాలు అందుతుందా?

మనకు అలవాటైన స్ప్లెండర్ సీటు సుమారు 785 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎక్స్‌పల్స్ 200 సీటు సుమారు 825. 2023లో వచ్చిన ప్రో రకంలో అది సుమారు 890. నా కాళ్ళు 825 దగ్గరే మునివేళ్ళ మీద నిలిచాయి. చదునైన రోడ్డు మీద ఇది ఫరవాలేదు. గుంత పక్కన ఆగినప్పుడు ఆ మునివేళ్ళ కింద నేల ఉండదు. అప్పుడు బండి బరువంతా మోకాలి మీద, చీలమండ మీద పడి కీలు బెణుకుతుంది, ఒక్కోసారి ఎముక విరుగుతుంది. కనీసం ఒక కాలి పాదం పూర్తిగా నేలకు ఆనాలి. ఆనకపోతే ఎంత ముచ్చటైన బండయినా వదులుకోండి.

రెండో పరీక్ష: పడినదాన్ని లేపగలరా?

మట్టి దారిలో బండి పడటం మామూలే. అడవిలో చేయి వేసే మనిషి ఉండడు. అంచేత మెత్తటి నేల మీద, పక్కన ఒకరిని ఉంచుకుని, యజమాని అనుమతితో బండిని మెల్లగా పడుకోబెట్టి లేపి చూడండి. ఇంజను ఆపి, బండి కుడిపక్కకి పడితే సైడ్ స్టాండు ముందుగానే వేయండి. బండికి వీపు ఆనించి, మోకాళ్ళు మడిచి కూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు, మరో చేత్తో సీటు కింది చట్రం పట్టుకుని, తొడల బలంతో వెనక్కి అడుగులు వేస్తూ లేపాలి. ముందుకి వంగి చేతులతో గుంజితే వెన్నుపూసల మధ్య డిస్కు జారే ప్రమాదం ఉంది. గిలక ఉన్నవారు, పొట్టకి ఆపరేషను అయినవారు, గుండె జబ్బు ఉన్నవారు ఈ పరీక్ష చేయనే కూడదు.

మూడో పరీక్ష: గంట తర్వాత ఒళ్ళేమంటోంది?

గుంతల్లో సీటు మీద కూర్చునే ఉంటే ప్రతి దెబ్బా నేరుగా వెన్నెముకకి తగులుతుంది. ఫుట్‌రెస్టుల మీద కొంచెం లేచి, మోకాళ్ళు సడలించి నిలబడితే ఆ దెబ్బని తొడలు భరిస్తాయి. నేను అలా నిలబడ్డప్పుడు నడుం హాయిగా ఉంది. కాని నలభై నిమిషాలకి తొడలు వణికాయి. అంటే దానికి ముందు కాళ్ళకి బలం కావాలి. రోజూ నడక, మెట్లెక్కడం, కుర్చీలోంచి చేతి ఊతం లేకుండా పదిహేను సార్లు లేవడం, రెండు నెలలు చేసి చూడండి.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే మణికట్టులో నరం నలుగుతున్నట్లు. హ్యాండిలు బిగించి పట్టడమూ, అదురూ దీనికి కారణాలు. ముప్పావుగంటకోసారి దిగి చేతులు విదిలించండి. మర్నాటికీ తిమ్మిరి తగ్గకపోతే, నొప్పి కాలిలోకి జారితే, డాక్టరుకి చూపించుకోవాలి.

ఎవరికి తగదు?

మూర్ఛ ఉన్నవారు బండి నడపకూడదు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారు తిండి తప్పించి బయలుదేరితే దారిలో కళ్ళు తిరుగుతాయి. జలుబుకి వేసుకునే కొన్ని మాత్రలు మత్తు తెస్తాయి. గర్భిణులను వెనక కూర్చోబెట్టుకుని గతుకుల దారి పట్టకండి.

బయలుదేరేముందు

ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్టు గడ్డం కింద బిగించి కట్టుకోండి. హెల్మెట్టు వల్ల తల దెబ్బలు సుమారు 69 శాతం, మరణాలు సుమారు 42 శాతం తగ్గుతాయని 2008లో వెలువడిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. చీలమండ దాటే బూట్లు, చేతి తొడుగులు, మోకాలి చిప్పలకి రక్షణ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పదింటికల్లా నీడ పట్టండి. నీళ్ళతోపాటు రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉంచుకోండి. ఏటూరునాగారం అభయారణ్యంలో అనుమతి లేని దారుల్లోకి వెళ్ళకండి. ఒంటరిగా అసలే వెళ్ళకండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి.

పడితే?

స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. మెడ కదపకండి. ఊపిరి ఆడుతున్నంతసేపు హెల్మెట్టు లాగి తీయకండి. 108కి ఫోను చేయండి. హ్యాండిలు పొట్టకి గుచ్చుకుంటే పైకి గాయం లేకపోయినా లోపల ప్లీహం చిట్లి రక్తం కారవచ్చు. పొట్ట నొప్పి, చెమటలు, కళ్ళు తిరగడం ఉంటే గంటలు గడిచిపోయినా ఆస్పత్రికి రావలసిందే. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం పనికిరావు. కరిచిన చోటుని కదలకుండా ఉంచి, విషానికి మందున్న ఆస్పత్రికి చేర్చాలి.

తేలిక బండి ఎంచుకోవడమంటే బలహీనత కాదు. దిగినా, పడినా, లేచినా మీ అదుపులో ఉండే బండే అడవిలో మీకు తోడు. కాలు, చెయ్యి, నడుము మూడూ సరేనంటే కొనండి. ఏ ఒక్కటి కాదన్నా ఇంకా పొట్టి బండి, ఇంకా తేలిక బండి చూడండి. అలాంటిది దొరక్కపోతే రామప్పకి ఆర్టీసీ బస్సులో వెళ్ళండి. గుడి చుట్టూ తీరిగ్గా నడిచి రండి, ఆరోగ్యానికి అదీ మేలే.