ఇల్లే బడి అయిన పదిహేడు నెలలు

పిల్లలకు దేవుని మాటలు ఎక్కడ నేర్పాలి? మోషే ఇశ్రాయేలీయులకు చెప్పిన జవాబు చాలా సాదాగా ఉంటుంది. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వారితో మాట్లాడమన్నాడాయన (ద్వితీ. 6:7). భవనం లేదు, ఫీజు లేదు, యూనిఫాం లేదు. తల్లిదండ్రులే ఉపాధ్యాయులు. ఈ వాక్యభాగం మీద ప్రసంగాలు విననివాడు మన చర్చిల్లో ఉండడు. అయితే దానికి అసలు పరీక్ష 2020లో వచ్చింది.

ఆ ఏడాది మార్చి 16న తెలంగాణలో బడులు మూశారు. ముందు 31వ తేదీ వరకే అన్నారు. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతుల వాళ్లు కొన్ని వారాలపాటు బడికి వెళ్లి మళ్లీ ఇంటికే వచ్చారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు ఆ భాగ్యమూ దక్కలేదు. వాళ్లు బడి గుమ్మం తొక్కింది 2021 సెప్టెంబరు 1న. అంటే పదిహేడు నెలల పైమాట. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్‌కు వెళ్లే మెట్రో రైలు 2020 సెప్టెంబరు 7నే మళ్లీ కదిలింది. ఆ రైలును కిటికీలోంచి చూస్తున్న ఒకటో తరగతి పిల్లవాడు తన బడి కోసం ఇంకో ఏడాది ఆగవలసి వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ అంటేనే చదువుల సంత. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బస్ డిపో, జెరాక్స్ షాపులు. పెద్ద పరీక్షలకు చదివించడంలో ఆరితేరిన పేట అది. అలాంటిచోట ఆరేళ్ల పిల్లకు అచ్చులూ హల్లులూ దిద్దించే దిక్కు లేకుండా పోయింది. 2020 మే నెలలో నగరంలో మిగతాచోట్ల ఆంక్షలు సడలుతున్నా ఎల్.బి.నగర్, మలక్‌పేట, చార్మినార్, కార్వాన్ జోన్లలో కేసులున్నాయని అక్కడ కట్టడి కొనసాగించారు. రెండు గదుల పోర్షన్‌లో నలుగురైదుగురు, వీధి చివర బారికేడ్లు, ఇంటికి ఒకటే ఫోను, అదీ తండ్రి జేబులో. అక్టోబరు 13న కురిసిన కుండపోతకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగాయి. ఆ ఇళ్లలో బియ్యం, బట్టలతోపాటు పుస్తకాలు కూడా నీటిపాలయ్యాయి.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2020 సెప్టెంబరు 1 నుంచి టి-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. మంచి పనే. కానీ అవి మూడో తరగతి నుంచి పైవారికి. ఒకటి, రెండు తరగతుల వాళ్లను టీవీ ముందు కూర్చోబెట్టి అక్షరాలు నేర్పడం కుదరదన్నది నిజమే. అయితే దాని అర్థం ఏమిటి? ఎవరికి చేయి పట్టుకుని దిద్దించడం అత్యవసరమో, వారే పూర్తిగా ఇంటి మీద ఆధారపడ్డారు.

ఫలితం తర్వాత తెలిసింది. గ్రామీణ ప్రాంతాల్లో జరిగే ‘అసర్’ సర్వే ప్రకారం తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 18.1 శాతం. 2022 నాటికి అది 5.2 శాతానికి పడిపోయింది. నూటికి అయిదుగురు! అది పల్లెల లెక్క, మన పేటలది కాదని ఊరటపడదామా? 2022లో మూడో తరగతిలో ఉన్నవారంటే, 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరవలసినవారు. మన కాలనీల్లోనూ వారికి మొదటి బడి ఏడాది మూసిన తలుపే. వాళ్లిప్పుడు హైస్కూలుకు వచ్చేశారు. వెనుక బెంచీలో కూర్చుని నోరు కదుపుతూ చదివినట్టు నటించేవాళ్లలో కొందరి కథ అక్కడే మొదలై ఉంటుంది. ‘మొద్దు’ అని వాళ్లను తిట్టే ముందు ఆ తేదీలు ఒకసారి లెక్కవేసుకోవడం మంచిది.

ఇక్కడ చర్చిని కూడా ఒక మాట అడగాలి. ఆరాధన ఆగిపోగానే కొద్ది వారాల్లోనే చాలా సంఘాలు యూట్యూబ్‌లో ప్రసంగాలు మొదలుపెట్టాయి. ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టర్‌ను ఫోనులోనే జరుపుకున్నాం. మరి సండేస్కూలు? వి.బి.ఎస్? పెద్దల కూటాలకు దొరికిన కెమెరా పిల్లలకు దొరకలేదు. సండేస్కూలు అసలు ఎందుకు పుట్టిందో తెలిస్తే ఈ లోటు ఇంకా బాగా అర్థమవుతుంది. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రేక్స్ అనే పత్రికా సంపాదకుడు దాన్ని నడిపించింది వాక్యాలు కంఠతా పెట్టించడానికి మాత్రమే కాదు. వారమంతా గుండుసూదుల కార్ఖానాల్లో పనిచేసే పిల్లలకు ఆదివారం ఒక్కటే తీరిక. ఆ ఒక్కరోజు వాళ్లకు చదవడం నేర్పారు. బైబిలే వాచకం. మన తెలుగు నేల మీద మిషనరీలు గుడి పక్కనే బడి కట్టిందీ ఇందుకే. మన తాతముత్తాతల్లో ఎందరో బైబిలు చదవాలన్న ఆశతోనే అక్షరం పట్టారు. ‘చదువు బడి పని, వాక్యం గుడి పని’ అనే విభజన మనం తర్వాత చేసుకున్నది.

చదువు ఒక్కటే కాదు, పసి మనసుల మాట కూడా ఉంది. ఆ రోజుల్లో పిల్లలు అంబులెన్స్ కూతలు విన్నారు. జీతం రాని నాన్న చిరాకు చూశారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కొందరు తాతయ్యలను, నాయనమ్మలను, ఇంకొందరు అమ్మనో నాన్ననో పోగొట్టుకున్నారు, కడచూపు కూడా లేకుండా. పిల్లవాడు అడిగితే ‘దేవుడు తీసుకుపోయాడు’ అని ఒక్కమాటలో తేల్చేస్తాం. మంచి ఉద్దేశమే. కానీ ఆరేళ్లవాడికి ఆ మాట ఎలా వినబడుతుంది? ఈసారి దేవుడు ఎవరిని తీసుకుపోతాడోనని రాత్రి నిద్ర పట్టదు. యోబు స్నేహితులు వచ్చి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా అతనితో నేలమీద కూర్చున్నారు (యోబు 2:13). నోరు తెరిచాకే వాళ్లు తప్పులు చేశారు. పిల్లల దుఃఖం దగ్గర మనకు ఆ ఏడు రోజుల ఓర్పు కావాలి. పక్క తడపడం, అన్నం దగ్గర మొండికేయడం, చిన్నదానికే ఏడవడం చాలాసార్లు అల్లరి కాదు, చెప్పుకోలేని భయం.

చెదిరిన ఇంటిని మళ్లీ బడిగా మార్చుకున్న తల్లి ఒకరు చరిత్రలో ఉన్నారు. ఆమె సూసన్నా వెస్లీ. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లి. పంతొమ్మిదిమందిని కంటే పదిమందే బతికారు. ఇంట్లో అప్పులు. 1709లో ఎప్‌వర్త్‌లో వారి ఇల్లు కాలిపోయింది. పిల్లలు తలా ఒక ఇంట్లో తలదాచుకున్నారు. ఇల్లు మళ్లీ కట్టాక తిరిగొచ్చిన పిల్లల్లో క్రమశిక్షణ పోయింది, పాత అలవాట్లు చెడిపోయాయి. ఆమె నిస్పృహ చెందలేదు. పాఠాల వేళలు మళ్లీ మొదటినుంచి పెట్టింది. అంతకంటే గొప్ప సంగతి, వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకు కేటాయించి ఆ బిడ్డతో విడిగా మాట్లాడేది. గురువారం జాన్‌ది, శనివారం చార్లెస్‌ది. చాలా ఏళ్ల తర్వాత, 1732లో, ఆక్స్‌ఫర్డులో అధ్యాపకుడిగా ఉన్న జాన్, ఆ గురువారం సాయంత్రంలో కొంచెం తనకోసం మళ్లీ ఇవ్వమని తల్లికి ఉత్తరం రాశాడు. ఆ కొద్దిసేపు అతని మీద ఎంత పనిచేసిందో ఆలోచించండి.

మన ఇళ్లలో ఇది సాధ్యమా అంటే, చిక్కు ఒకటుంది. కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీ పని చేసినవారికి, చైతన్యపురిలో ఇళ్లలో పనిచేసే అక్కలకు ఇంగ్లిషు మీడియం పాఠం అర్థం కాదు. పిల్లలకేమో తెలుగు చదవడం రాదు. తల్లికి అక్కరలేని భాష బిడ్డ పుస్తకంలో, బిడ్డకు రాని లిపి తల్లి బైబిల్లో! అయినా దారి ఉంది. కుటుంబ ప్రార్థనలో రోజూ రెండు వచనాలు బిడ్డచేత వేలు పెట్టి చదివించవచ్చు. తప్పు చదివితే నవ్వకూడదు. అమ్మకు చదువు రాకపోతే ‘నాకు చదివి వినిపించు’ అని అడగడమే ఆమె చేసే బోధన. తిమోతి విశ్వాసం వెనుక పౌలు చూసింది కూడా పండితులను కాదు, అవ్వ లోయిని, తల్లి యునీకేను (2 తిమోతి 1:5).

చర్చి హాళ్లు ఆదివారం తప్ప మిగతా రోజుల్లో చాలావరకు తాళం వేసి ఉంటాయి. ఫ్యాన్లున్నాయి, చాపలున్నాయి, లైట్లున్నాయి. సంఘంలో రిటైరైన టీచర్లున్నారు, కోచింగ్‌కు వచ్చిన యువతీయువకులున్నారు. వారానికి రెండు సాయంత్రాలు, గంటసేపు, చదవడం వెనుకబడిన పిల్లల కోసం ఆ తాళం తీయడానికి కమిటీ తీర్మానం కూడా అవసరం లేదేమో. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుంటే చాలు.